గుల్లలో అద్దెకాపురం

ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు ఇంటివారు. అయినా టిక్కెట్లు కొనేశాం కనక మొన్న డిసెంబరులో అండమాను వెళ్లాం.

హేవ్‌లాక్ దీవిని 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. పొద్దున్న ఎలిఫెంట్ బీచిలో కళ్లద్దాలు బిగించుకుని, నీళ్లలో తల ముంచి పగడాల దిబ్బలు చూశాం. సాయంత్రం రాధానగర్ ఒడ్డున అందమైన గుల్ల ఒకటి ఏరి జేబులో వేసుకున్నాను. కాసేపటికి జేబు కదిలింది! లోపల బుల్లి పీత.

"చచ్చిన నత్త గుల్లలో కాపురముంటాదది, బాబూ. ఒళ్లు పెరిగితే పెద్దది ఎతుక్కోవాల. అన్నీ మనమే పట్టుకుపోతే దానికి కొంపేది?" అన్నాడు బొండాలమ్మే శ్రీకాకుళం మనిషి.

పదకొండు అద్దె ఇళ్లు మారినవాణ్ణి; నాకు వేరే చెప్పాలా? గుల్లను ఇసుకలో వదిలేశాను.

తిరిగొచ్చాక, "ఏం తెచ్చారండీ?" అన్నారు ఇంటివారు.

"ఏమీ లేదండీ. ఒకరిచేత ఇల్లు ఖాళీ చేయించకుండా వచ్చాను" అన్నాను.