మాట అడగని తోడు

రాత్రి పది దాటాక ఇంటర్నెట్ చాలా మర్యాదగా ఉంటుందండీ. ఫోన్లు మోగవు. గ్రూపుల్లో శుభరాత్రులు చెప్పుకోవడం అయిపోయి ఉంటుంది. ఆఫీసు మెయిళ్ళు ఇక పొద్దున్నే. నా రోజు అసలు మొదలయ్యేది అప్పుడే.

మాట తక్కువ మనుషులం మనుషుల్ని తప్పించుకోవడానికే కంప్యూటర్లో దూరతామని చాలామంది అనుకుంటారు. నా సంగతి వేరు. నేను అక్కడికి వెళ్ళేదే మనుషుల కోసం. కాకపోతే పక్కన ఉంటూ కూడా నన్ను మాట్లాడమని అడగని మనుషుల కోసం. అలాంటి తోడు ఒకప్పుడు మన ఇళ్ళలోనే దొరికేది. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అమ్మమ్మ వామనగుంటల పీట తీసి నన్ను ఎదురుగా కూర్చోబెట్టేది. ఏడేసి గుంటలు రెండు వరసలు, గుప్పెళ్ళతో చింతగింజలు. గింజలు పడే చప్పుడే తప్ప గంటసేపు మా మధ్య ఇంకో మాట ఉండేది కాదు. ఆవిడకీ నాకూ ఉన్న దగ్గరతనం అంతా ఆ పీట దగ్గర పెరిగిందే. గుడి అరుగుల మీద గీసిన పులి-మేక గళ్ళ ముందు పొద్దు గూకేదాకా కూర్చునే తాతలు కూడా పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. వాళ్ళు ఒంటరివాళ్ళని ఎవరూ అనలేదు.

ఈ రోజుల్లో వీడియో గేములు తయారుచేసేవాళ్ళలో కొందరికి ఈ సంగతి బాగా తెలుసు. మీలో గేములు ఆడనివాళ్ళు ఉంటే కాస్త ఓపిక పట్టండి, నేను తుపాకుల గురించి చెప్పబోవడం లేదు.

2012లో 'జర్నీ' అని ఒక ఆట వచ్చింది. తీసింది దట్‌గేమ్‌కంపెనీ అనే సంస్థ, ముందుండి నడిపినవాడు షాంఘైలో పుట్టిన జెనోవా చెన్. ఆట ఏమిటంటే, ఎర్రటి అంగీ వేసుకున్న ఒక మనిషి ఇసక ఎడారిలోంచి బయలుదేరి, దూరంగా కనిపించే కొండదాకా నడవాలి. అంతే. దారిలో ఎక్కడో ఇంకో ఎర్ర అంగీ కనిపిస్తుంది. అది కంప్యూటర్ కాదు, ప్రపంచంలో ఇంకెక్కడో కూర్చుని అదే సమయానికి అదే ఆట ఆడుతున్న నిజమైన మనిషి. పేరు కనపడదు. ఏ దేశమో తెలియదు. మాట్లాడే వీలు లేదు, రాసే వీలు లేదు. ఒక బటన్ నొక్కితే గంట మోగినట్టు చిన్న నాదం వస్తుంది, గట్టిగా పట్టుకుంటే పెద్ద నాదం. దానితోనే పలకరింపు, దానితోనే 'ఇటు రా', దానితోనే 'ఉన్నావా?'

ఇందులో నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటుంది. తయారీ మొదటి రోజుల్లో ఆటగాళ్ళు ఒకరినొకరు తోసుకోగలిగేవారట. సాయం చేసుకుంటారని పెడితే, జనం పక్కవాణ్ణి గోతుల్లోకి తోసి సరదా పడ్డారు. దాంతో చెన్ బృందం తోపులాట పూర్తిగా తీసేసింది. దాని బదులు, ఇద్దరూ దగ్గరగా వచ్చి తాకితే ఇద్దరి కండువాలూ వెలిగి, మళ్ళీ ఎగిరే శక్తి వచ్చేట్టు పెట్టింది. చూశారా, మనుషుల్ని మార్చే పని పెట్టుకోలేదు. చోటుని మార్చారు, మనుషుల్లో ఉన్న మంచితనం పైకి వచ్చింది. చివర్లో మంచు కొండ ఎక్కుతుంటే చలికి ఆ కండువాలో శక్తి తగ్గిపోతూ ఉంటుంది. పక్కన మనిషి ఉంటే దగ్గర దగ్గరగా నడుస్తారు. ఆట అంతా అయ్యాక, తెర మీద పేర్లు పడ్డాక, దారిలో మనకు తోడు వచ్చినవాళ్ళ పేర్లు అప్పుడు చూపిస్తారు. ఆ పేరు చూసి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఒక్క మాట కూడా మాట్లాడుకోని మనిషి కోసం!

ఇలాంటిదే ఇంకోటి జపాన్ నుంచి. హిడెటాకా మియాజాకి 2009లో 'డెమన్స్ సోల్స్' అనే ఆట తీశాడు. చాలా కష్టమైన ఆట, అడుగు తీసి అడుగు వేస్తే చావు. కానీ నేల మీద అక్కడక్కడా ఇతర ఆటగాళ్ళు వదిలిన చిన్న రాతలు మెరుస్తుంటాయి, 'ముందు జాగ్రత్త' అన్న తరహాలో. సొంత వాక్యాలు రాయనివ్వరు. ఇచ్చిన పదాలే కూర్చుకోవాలి, కాబట్టి తిట్లకు తావు తక్కువ. మీ రాత ఎవరికైనా పనికొచ్చి మెచ్చుకుంటే, ఆ క్షణంలో మీరు ఎక్కడ ఏ రాక్షసుడితో తలపడుతున్నా మీకు ప్రాణశక్తి తిరిగి వస్తుంది. ఈ ఊహ ఎలా వచ్చిందో మియాజాకి ఒకసారి చెప్పాడు. మంచు బాగా కురిసిన రోజు, ఎత్తు దారిలో కార్లు ముందుకు పోలేక జారుతున్నాయి. వెనక కారు వచ్చి ముందు కారుని నెట్టింది, దాని వెనకది దాన్ని నెట్టింది. అలా అందరూ ఒకరినొకరు ఎక్కించుకున్నారు. పైకి చేరాక దిగి కృతజ్ఞత చెబుదామంటే ఆగకూడదు, ఆగితే మళ్ళీ ఇరుక్కుపోతారు. వరుసలో చిట్టచివరి మనిషి ఇల్లు చేరాడో లేదో అని ఆయన ఆలోచిస్తూ ఇంటికి వెళ్ళాడట.

ఆ చివరి మనిషి గురించి ఆలోచించడం ఉంది చూశారూ, నాలాంటివాళ్ళకి స్నేహం అంటే చాలాసార్లు అదే. 2019లో హిడియో కొజిమా తీసిన 'డెత్ స్ట్రాండింగ్'లో కూడా మనం దాటలేని వాగు దగ్గర ఎవరో ముందే వేసి వెళ్ళిన నిచ్చెన కనిపిస్తుంది. దాని మీంచి దాటి ఒక లైకు కొట్టి సాగిపోతాం.

ఇక మన చేతుల్లో ఫోన్ల సంగతికి వద్దాం. వాట్సాప్‌లో నీలం టిక్కులు 2014 నవంబరులో వచ్చాయి. అంతకుముందు మెసేజి అందిందా లేదా అన్నంతవరకే తెలిసేది. ఆ తరవాత 'చూసి కూడా పలకలేదు' అనే కొత్త నేరం ఒకటి మన బంధువుల మధ్యకి వచ్చింది. మా పిన్ని పెట్టిన మెసేజికి నేను సాయంత్రం దాకా ఆలోచించి, నింపాదిగా, మనసు పెట్టి జవాబు రాస్తాను. ఈలోపు ఆవిడ, నాకు కోపం వచ్చిందేమోనని మా అమ్మకి ఫోన్ చేసి కనుక్కుంటుంది. ఇద్దరిదీ ప్రేమే, వేగాలు వేరు. కొద్దిరోజుల్లోనే ఆ టిక్కులు ఆపుకునే సెట్టింగు ఇచ్చారు, గ్రూపుల్లో మాత్రం అది పనిచేయదు. 2022లో ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనపడకుండా చేసుకోవడం, గ్రూపులోంచి అందరికీ చాటింపు లేకుండా బయటికి రావడం కూడా వచ్చాయి. వాటిలో కొన్ని సెట్టింగుల్లో ఎక్కడో లోపల ఉంటాయి. నాకు మాత్రం ఏ కొత్త కెమెరా కన్నా అవే గొప్ప సదుపాయాలు. ఎవరూ చూడనప్పుడు చదివి, ఆలోచించి, రేపు పలకగలిగే హక్కు అది.

ఆటల్లో కూడా వెంటపడేవి ఉన్నాయి. రోజూ వస్తేనే బహుమతి, ఒక్కరోజు మానితే వరుస తెగిపోయిందని గుర్తుచేస్తూ నోటిఫికేషన్లు. నేను అలాంటివి ఫోన్లో ఉంచను. ఆపేసి వెళ్ళినా మనల్ని ఏమీ అనని ఆటే నాకు మంచి ఆట. డబ్బు పెట్టించేవాటి జోలికి అసలే పోను. వాటివల్ల మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్ని కొంపలు మునిగాయో చూశాక, 2025లో దేశమంతటికీ వర్తించే నిషేధ చట్టం రావడం నాకు నిజంగా ఊరట.

అర్ధరాత్రి నేను ఎక్కువగా తిరిగే ఇంకో చోటు తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరు 10న మొదలైంది, ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. అందులో వేలకొద్దీ మన ఊళ్ళవే. మా అమ్మ పుట్టిన ఊరి పేజీ ఒకరోజు తెరిస్తే నాలుగు ముక్కలే ఉన్నాయి. చెరువు గురించి, బడి గురించి రెండు వాక్యాలు చేర్చాను. కొన్నాళ్ళకి చూస్తే ఎవరో నా అచ్చుతప్పు దిద్దారు. ఇంకెవరో చెరువు ఫొటో పెట్టారు. 'చరిత్ర' అన్న చోట నొక్కితే ఎవరు ఏ రాత్రి ఏ అక్షరం మార్చారో అంతా కనిపిస్తుంది. అక్కడ మాట్లాడుకోవడానికి రచ్చబండ కూడా ఉంది. నేను అటు తక్కువే వెళతాను. ఆ చరిత్ర పేజీ చదువుకోవడమే నాకు రచ్చబండ మీద కూర్చోవడం. ఎవరి ముఖమూ తెలియని ఒక గుంపు, నిద్ర మానుకుని, మన ఊళ్ళ గురించి తప్పులేకుండా రాయాలని తాపత్రయపడుతోంది. ఇంతకన్నా మంచి సావాసం నేను ఎక్కడ వెతుక్కోను?

మా అక్క కొడుకు నాలాంటివాడే. పదమూడేళ్ళు. "ఎప్పుడూ ఆ ఫోనేనే, ఇంటికి ఎవరొచ్చినా బయటికి రాడు, నువ్వైనా చెప్పు" అని అక్క బాధ. చెప్పడానికేం లేదక్కా, వాడి పక్కన కూర్చుని ఏం ఆడుతున్నాడో చూడు, ప్రశ్నలు మాత్రం వెయ్యకు అన్నాను. అక్కకి నమ్మకం కుదరలేదు. కానీ రెండు సాయంత్రాలు కూర్చుందట. మూడోనాడు వాడే, ఇది ఇలా కట్టాలమ్మా అని మైన్‌క్రాఫ్ట్ అనే ఆటలో తను కట్టిన ఊరంతా తిప్పి చూపించాడట. భోజనానికి లేవమన్నా లేవకుండా తిప్పాడని ఫోన్లో చెప్పింది. అక్కకి ఆ చెప్పడంలో ఎంత సంబరమో!

నాకూ వాడికీ లీచెస్‌లో ఒక ఆట నడుస్తోంది. 2010లో తిబో డ్యూప్లెసీ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఉచిత చదరంగం అది, ప్రకటనలు కూడా ఉండవు. అందులో ఒక్కో ఎత్తుకి రోజుల తరబడి గడువు పెట్టుకోవచ్చు. మేం మూడు రోజులు పెట్టుకున్నాం. వాడు బడి నుంచి వచ్చాక వేస్తాడు, నేను అందరూ పడుకున్నాక వేస్తాను. "పిన్నీ, నీ వంతు" అని కూడా పెట్టడు. నిన్న వాడి గుర్రం వచ్చి నా ఏనుగునీ మంత్రినీ ఒకేసారి పట్టుకుంది. మంత్రిని తప్పిస్తే ఏనుగు పోతుంది. ఇంకేదైనా దారి ఉందేమో, ఈ రాత్రికి కూర్చుని చూడాలి.