ఆడవాళ్ల ‘హిమాలయాలు’

చలికాలంలో స్కాట్లాండ్ వెళ్తే సెయింట్ ఆండ్రూస్ ఊరు చూడండి. అక్కడి ఓల్డ్ కోర్స్ గోల్ఫ్ మైదానంలో మామూలుగా ఆదివారాలు ఆట ఉండదు. ఎవరైనా లోపలికెళ్లి నడవొచ్చు. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే పొద్దుగూకుతుంది, పైగా సముద్రపు గాలి! శాలువా మరవకండి. చలికి పచ్చిక సరిగ్గా పెరగదు కదా, అందుకని నవంబరు నుంచి మార్చి దాకా ఆటగాళ్లు చిన్న చాపముక్క పరిచి, దాని మీంచే బంతి కొడతారు.

పక్కనే మిట్టపల్లాలుగా ఉన్న పచ్చిక పేరు ‘హిమాలయాలు’. 1867లో మొదలైన ఆడవాళ్ల క్లబ్బు ఆడేది ఇక్కడే. ఆడవాళ్లు చెయ్యి భుజం దాటి ఎత్తితే మర్యాద కాదన్న రోజులవి. అందుకే బంతిని మెల్లగా దొర్లించి గుంటలో వేసే ఆటే వాళ్లకి మిగిలింది. వాళ్లు దాన్నే పట్టుకుని నిలబెట్టారు. వేసవిలో టికెట్టు కొంటే మనమూ ఆడొచ్చు. దగ్గర్లోని మగవాళ్ల రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు మాత్రం ఆడవాళ్లని సభ్యులుగా చేర్చుకుందామని 2014లో గానీ ఒప్పుకోలేదు!