పొడుగుదా? పొట్టిదా?

మా ఇంట్లో పొడుగూ పొట్టీ అనే చర్చ ఇదివరకు రెండే రెండు విషయాల్లో వచ్చేది. ఒకటి మా అమ్మాయి జడ, రెండోది చుట్టాలిళ్లలో పెళ్లిసంబంధాలు. మూడోసారి ఆ చర్చ పిస్తోలు రూపంలో వచ్చి నెలరోజుల పాటు మా ఇంటి మనశ్శాంతిని తినేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

కంగారు పడకండి. మందుగుండు పిస్తోలు కాదు. పోటీల్లో కాల్చే గాలి పిస్తోలు. దాన్ని ఎయిర్ పిస్టల్ అంటారు. గొట్టం కింద చిన్న సిలిండర్ ఉంటుంది. అందులో దట్టించిన గాలి ఒక్క తోపు తోస్తే అర గ్రాము బరువున్న సీసపు గుండు పది మీటర్ల అవతల ఉన్న కాగితానికి చిల్లు పెడుతుంది. అంతే. ఆ చిల్లు ఎక్కడ పడిందన్నదే గొడవంతా.

మా అమ్మాయికి పదహారేళ్లు. రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో స్నేహితురాలి వెంట సరదాగా క్లబ్బుకి వెళ్లింది. సరదా కాస్తా అభ్యాసమైంది, అభ్యాసం కాస్తా జబ్బయింది. “ఆడపిల్లకు తుపాకి ఏంది వదినా?” అని పక్కింటి వదిన బుగ్గలు నొక్కుకుంది. ఎదురింటి పెద్దాయన మాత్రం, “నిఖత్ జరీన్ పుట్టిన ఊరమ్మా మనది. ఆడపిల్ల గుద్దులాడి 2022లోనూ, 2023లోనూ ప్రపంచ చాంపియన్ అయింది. ఈ పిల్ల గురి చూస్తే తప్పేంది?” అన్నాడు. వదిన నోరు మూతపడింది. నా నోరూ మూతపడింది, ఎందుకంటే నేనూ లోలోపల వదిన పక్షమే.

ఇన్నాళ్లూ క్లబ్బువాళ్ల పాత పిస్తోలుతోనే లాక్కొచ్చింది. “ఇంక సొంతది ఉండాలమ్మా. పిస్తోలు పిడి ఒకరి చేతికి చెక్కింది ఇంకొకరికి నప్పదు” అని కోచ్ చెప్పాడు. ధర అడిగితే రెండు లక్షలకు అటూ ఇటూ అన్నాడు. మా వారు ఒకప్పుడు చెరకు కాటా దగ్గర లెక్కలు రాసినవారు, ఇప్పుడు నిజామాబాదులో ఒక ఎరువుల కొట్లో రాస్తున్నారు. రెండు లక్షలనేసరికి ఆయన మొహం కాటా ముల్లులా ఊగింది. చివరికి నా చేతి గాజుల దగ్గర ఆగింది.

బోధన్ దగ్గర మా నాన్న చెరకు వేసిన రోజుల్లో, ఆఖరి పంట డబ్బుతో నాకు నాలుగు గాజులు చేయించారు. వాటిలో రెండు తీసి బల్ల మీద పెట్టాను. పెట్టినంతసేపు పట్టలేదు, అసలు ప్రశ్న ముందుకొచ్చింది.

“పొడుగు బ్యారెల్‌దా, పొట్టి బ్యారెల్‌దా?”

స్విట్జర్లాండు మొరీనీ వాళ్లూ, ఆస్ట్రియా స్టెయర్ వాళ్లూ ఒకే పిస్తోలుని పొడుగు గొట్టంతోనూ, పొట్టి గొట్టంతోనూ చేస్తారట. తేడా నాలుగైదు వేళ్ల మందం కూడా ఉండదు. పోటీల నిబంధనల్లో ఈ పిస్తోలు గొట్టం ఇంత ఉండాలన్న లెక్క లేదు. పిస్తోలు మొత్తం 42 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 5 మందం ఉన్న పెట్టెలో పట్టాలి. మన పట్టుచీరల అట్టపెట్టె లాంటిదనుకోండి. బరువు కిలోన్నర మించకూడదు, ట్రిగ్గర్ అర కిలో బరువుకైనా ఆగాలి. ఆ పైన మీ ఇష్టం. పాతిక మీటర్ల పోటీలో మందుగుండు పిస్తోలుకైతే గొట్టం 153 మిల్లీమీటర్లు దాటకూడదని రూలే ఉంది కనుక ఈ బెడద లేదు. స్వేచ్ఛ ఇస్తే ఇంతే మరి, ఇంట్లో గొడవలే.

“పొడుగుదే. సందేహమెందుకు?” అన్నారు మా వారు. ఆయనకి కర్రయినా, గొడుగైనా, ఉపన్యాసమైనా పొడుగే ఇష్టం.

“నాకు పొట్టిదే బాగుంది నాన్నా” అంది అమ్మాయి.

ఇద్దరూ నా వంక చూశారు. గాజులు నావి కదా, తీర్పు కూడా నాదేనట! పిస్తోలు పట్టుకుని ఎరగనిదాన్ని, ఏం తీర్పు చెప్పను?

కోచ్ ఒక చిట్కా చెప్పాడు. “కిలో చక్కెర ప్యాకెట్ ఒక్క చేత్తో పట్టి, చెయ్యి భుజం ఎత్తుకు చాపు అమ్మా. రెండో చెయ్యి నడుము దగ్గర పెట్టుకో. ఒక్క నిమిషం ఆగు.” పిస్తోలు బరువు కూడా ఇంచుమించు కిలోయేనట. చక్కెర నాకు లోకువ. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నీడన పెరిగినదాన్ని. బండ్ల కొద్దీ చెరకు చూశాను. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక, ఎక్కడి చక్కెరో ప్యాకెట్లలో కొనుక్కుంటున్నాం. అలాంటి ఒక ప్యాకెట్ తీసి చెయ్యి చాపాను. మా వారు గడియారం పట్టుకున్నారు.

ఇరవై సెకన్లకి భుజం మాట్లాడటం మొదలుపెట్టింది. ముప్ఫైకి కేకలు పెట్టింది. నలభైకి ప్యాకెట్ బల్ల మీద ఉంది.

“ఇట్ల అరవై గుండ్లు కొట్టాలి అమ్మా. 75 నిమిషాల్ల” అన్నాడు కోచ్.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. అదే చక్కెరని రెండు సంచుల్లో పోసి, ఒకటి గరిటె పిడి దగ్గరా, రెండోది గరిటె చివరా కట్టి పట్టుకున్నాను. ఆ చివరి సంచిని వెనక్కి నాలుగు వేళ్లు జరిపితే చేతికి హాయిగా ఉంది. ముందుకి జరిపితే మణికట్టు లాగేస్తోంది. బరువు మారలేదు, బరువున్న చోటు మారింది. పొడుగు గొట్టం అంటే ఇదన్నమాట! పప్పు గరిటెతో నాకు తెలిసిన సంగతి మా వారికి పుస్తకాల్లో దొరకలేదు. అయితే దీనికి రెండో వైపూ ఉంది. ముందు బరువుంటే, మోయగల చేతికి నిలకడ వస్తుందట. చిరుగాలికి తాటాకు ఊగినట్టు తాడిచెట్టు ఊగదు కదా.

మా వారు ఊరుకుంటారా? కాగితం, పెన్సిలూ తీశారు.

పిస్తోలుకి వెనక ఒక గాడి, ముందు ఒక చిన్న దిమ్మె ఉంటాయి. గాడి మధ్యకి దిమ్మె రావాలి. అటూ ఇటూ వెలుతురు సమానంగా కనబడాలి. రెండింటి తలలూ ఒకే మట్టంలో ఉండాలి. కన్ను ఆ దిమ్మె మీదే ఉండాలి, గురి మసకగా కనిపించినా ఫరవాలేదు. సూదిలో దారం ఎక్కించేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పొడుగుదానిలో గాడికీ దిమ్మెకీ మధ్య దూరం 33 సెంటీమీటర్లు, పొట్టిదానిలో 28 అనుకుందాం. దిమ్మె ఒక్క మిల్లీమీటరు పక్కకి పోతే, పది మీటర్ల అవతల పొడుగుదాని గుండు 30 మిల్లీమీటర్లు తప్పుతుంది, పొట్టిదానిది 36. గురి కాగితంలో పది మార్కుల చుక్క అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లే. మన చొక్కా గుండీ అంత. నడిమధ్య నుంచి 30 మిల్లీమీటర్లు జరిగితే ఏడు మార్కులు, 36 జరిగితే ఆరు.

“చూశావా? పొట్టిదాంతో ఒక మార్కు గోవిందా!” అన్నారు మా వారు, కాటా మీద దొంగ తూకం పట్టుకున్నవాడిలా.

లెక్క తప్పు లేదు. నేనూ ఒప్పేసుకుందునే గానీ, కోచ్ తల అడ్డంగా ఊపాడు.

“దిమ్మె దానంతట అది పక్కకు పోతదా సారూ? మణికట్టు వంగితే పోతది. మణికట్టు ఎంత వంగితే గుండు అంత తప్పుతది. పొడుగైనా గంతే, పొట్టైనా గంతే. కాకపోతే అదే వంకర పొడుగుదాంట్ల పెద్దగ కనవడ్తది. పొడుగుది తప్పు దిద్దదు, తప్పు చూపిస్తది.”

నేను ఉలిక్కిపడ్డాను. ఇతను పిస్తోలు సంగతి చెబుతున్నాడా, నా సంగతా అనిపించింది.

“మరి తప్పు కనబడితే మంచిదే కదా? దిద్దుకోవచ్చు” అన్నాను.

“దిద్దుకునేటోళ్లు దిద్దుకుంటరు. కొందరు అది చూసి బెదిరిపోతరు. చెయ్యి వణకని మనిషి లేడమ్మా, ఒలింపిక్స్‌ల కొట్టేటోళ్లకు గూడ వణుకుతది. ఆ వణుకుతోనే మెల్లగ ట్రిగ్గర్ నొక్కాలె. వణుకు ఆగేదాక కూసుంటే గుండు పోనే పోదు.”

వాదించి లాభం లేదు, చూసి తేల్చుకుందామని ఒక ఆదివారం హైదరాబాదు వెళ్లాం. 175 కిలోమీటర్ల బస్సు ప్రయాణం. కోచ్‌కి తెలిసినవాళ్ల దగ్గర రెండు రకాల పిస్తోళ్లూ ఉన్నాయి. ఇషా సింగ్ ఊరు హైదరాబాదు. 2018లో పదమూడేళ్ల వయసులో పెద్దవాళ్లని దాటి జాతీయ చాంపియన్ అయిన పిల్ల. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ ఊళ్లో అడుగు పెట్టగానే మా అమ్మాయి మొహం వెలిగింది. నా మొహం మాత్రం గాజుల లెక్కలోనే ఉంది.

ఉదయం పొడుగుదానితో ముప్ఫై గుండ్లు, భోజనమయ్యాక పొట్టిదానితో ముప్ఫై. మా వారు మార్కులు రాసుకున్నారు. నాకేం తోచక, వెనక కుర్చీలో కూర్చుని అది చెయ్యి ఎన్నిసార్లు ఎత్తుతోందో లెక్కపెట్టాను.

పొడుగుదానితో 272 వచ్చాయి, పొట్టిదానితో 270. “రెండు మార్కులు!” అని మా వారు లేచి నుంచున్నారు.

“ఆగండి. నా లెక్క కూడా వినండి” అన్నాను. “పొడుగుదానితో ముప్ఫై గుండ్లకి అది చెయ్యి ఎత్తింది యాభై రెండుసార్లు. ఎత్తడం, భయపడి దించడం. మళ్లీ ఎత్తడం. పొట్టిదానితో ముప్ఫై ఆరుసార్లే. ఆ ఎత్తడమైనా పొద్దుటి అలసట మీద! పోటీలో ముప్ఫై కాదు, అరవై గుండ్లు. దీని చెయ్యి వందసార్లు ఎత్తాలా, డెబ్భై సార్లా?”

మా వారు తూకం మనిషి. అంకెని గౌరవిస్తారు. కూర్చున్నారు.

“ఎందుకే అన్నిసార్లు దించావు?” అని అడిగాను అమ్మాయిని.

అది పిస్తోలు తుడుస్తూ, తల ఎత్తకుండా అంది. “పొడుగుదానితో ఉంటే నువ్వు నా వెనక నుంచున్నట్టుందమ్మా.”

దానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపంగా అనలేదు, వెక్కిరింపుగానూ అనలేదు. ఉన్నమాట అంది. ముగ్గులో ఒక చుక్క పక్కకి పోతే చెప్పేదాన్ని నేనే. తొంభై మార్కులు తెస్తే పోయిన పది ఎక్కడని అడిగేదాన్నీ నేనే. మంచికే చెప్పాను. కానీ చెప్పినప్పుడల్లా అది ఎత్తిన చెయ్యి ఎన్నిసార్లు దించుకుందో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.

తిరుగు బస్సులో చిన్నప్పటి ముచ్చటొకటి గుర్తొచ్చింది. మా చేలో చెరకు కొట్టడానికి కూలీలు వచ్చేవారు. నాన్న తెచ్చిన కత్తులన్నీ గట్టు మీద పరిచేవారు. ఒకామె పొడుగు పిడి కత్తి తీసి, ఒకసారి గాలిలో ఊపి, మళ్లీ కింద పెట్టి, పొట్టిది తీసుకుంది. “పొడుగుది తీసుకో, నడుం వంచక్కర్లేదు” అన్నారు నాన్న. “రోజంతా ఊపేది నేను కదయ్యా” అంది ఆమె. నాన్న మారు మాట్లాడలేదు. చెరకు ఆయనది, కత్తి ఆయనది, చెయ్యి మాత్రం ఆమెది.

గాజులు నావి. చెయ్యి దానిది. పొట్టిదే కొన్నాం.

వెంటనే పతకాలు వచ్చి పడ్డాయని చెప్పను, ఎందుకంటే పడలేదు. మొన్న రాష్ట్ర పోటీల్లో పదకొండో స్థానం వచ్చింది. నేను గ్యాలరీలో కూర్చున్నాను గానీ దాని వెనక వరసలో కాదు, బాగా పక్కకి. గుండు ఎక్కడ పడిందో తెర మీద కనబడుతూనే ఉంది. చూడకుండా అది చెయ్యి ఎత్తడమే చూశాను. అరవై గుండ్లకి అరవై ఎనిమిదిసార్లు. ఆ అంకె ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

ఇంటికొచ్చాక అన్నం కలుపుతూ అది అంది: “భుజం బాగా గట్టిపడిందమ్మా. ఇంకో రెండేళ్లు పోతే పొడుగుదానికి మారచ్చంటున్నారు సార్. అప్పుడు నా తప్పులు నేను చూసుకోగలను.”

“తప్పకుండా మారుదువుగానిలే” అన్నాను, నెయ్యి వేస్తూ.

అన్నానే గానీ, ఎడమ చెయ్యి తనంతట తానే వెళ్లి కుడిచేతికి మిగిలిన రెండు గాజుల్నీ ఒకసారి తడుముకుని వచ్చింది.