పాలారు పొడవునా చేతులు కలిస్తే...

నదుల గురించి ఎవరు రాసినా గోదావరి పుష్కరాల గురించో, కృష్ణమ్మ పరవళ్ళ గురించో రాస్తారు. నేను మాత్రం మీకు ఏడాదిలో చాలా నెలలు ఇసకే తప్ప నీళ్ళు కనిపించని ఒక ఏటి గురించి చెబుతాను. పేరు పాలారు. పేరులో పాలున్నాయి, ఏట్లో నీళ్ళు లేవు. సంస్కృతంలో క్షీరనది అంటారట. చిత్తూరు జిల్లా కొసన, కుప్పానికి ఇవతల ఉన్న శాంతిపురం వైపు మీరు ఎప్పుడైనా వెళితే ఈ ఏటిని తప్పక చూసి రండి. చూశాక మీకూ నాలాగే నాలుగు ప్రశ్నలు పుట్టకపోతే అడగండి!

దారి పొడవునా చూడాల్సినవి

మాది మదనపల్లె. మా వారి చిన్నత్తగారిది శాంతిపురం దగ్గర ఒక పల్లె. మదనపల్లె నించి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయే బస్సెక్కితే శాంతిపురంలో దిగొచ్చు. మదనపల్లె గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మన జాతీయ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే. పుంగనూరు అనగానే పొట్టి ఆవులు గుర్తొస్తాయి. నడుం ఎత్తు కూడా రాని ఆ ఆవుల్ని చూస్తే పిల్లలు వదలరు.

పలమనేరు దాటాక దారి పక్క దృశ్యం మారిపోతుంది. మల్బరీ తోటలు, టమోటా మళ్ళు, బంతి, చామంతి పూల తోటలు, మధ్యమధ్యలో చింతచెట్లు, గుండ్రాళ్ళ గుట్టలు. ఒక వైపు కర్ణాటక, ఇంకోవైపు తమిళనాడు. సంతలో నిలబడితే తెలుగు, కన్నడం, తమిళం మూడూ చెవిన పడతాయి. మూడు భాషల్లోనూ బేరమాడే ఆడవాళ్ళున్నారిక్కడ! కౌండిన్య అడవి నించి ఏనుగులు దిగి పొలాల మీద పడతాయని రాత్రిళ్ళు కాపలా కాస్తారు.

చిన్నత్తగారింట్లో రాగి సంగటి, ఊరిబిండి, చలికాలమైతే అనపగింజల పితకపప్పు కూర. అనపగింజల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఇంటిల్లిపాదీ కూచుని ఒక్కొక్క గింజనీ రెండు వేళ్ళ మధ్య పితికితే పప్పు బయటికి జారుతుంది. అందుకే ఆ పేరు. కబుర్లు చెప్పుకుంటూ చేస్తే పనే తెలీదు. ఏటి కథ నేను విన్నది ఆ పితకపప్పు చేట ముందు కూచునే.

"ఏం జెప్పేది పాపా! మా చిన్నప్పుడు ఏట్లో చెలమ తీస్తే మోచేతి లోతులో నీళ్ళు. కడవ ముంచుకుని ఇంటికొచ్చేవాళ్ళం. ఇప్పుడు వెయ్యడుగులు బోరేసినా దుమ్మే లేస్తాది" అందావిడ. పక్కన కూచున్న కోడలు, "మాకు చెలమంటే ఏందో కూడా తెలీదు పెద్దమ్మా. ట్యాంకరు హారనే తెలుసు" అంది నవ్వుతూ. అందరూ నవ్వారు కానీ, ఆ నవ్వు నాకు ముల్లులా గుచ్చుకుంది. రెండు తరాల్లోనే ఒక ఏరు ఆడవాళ్ళ మాటల్లోంచి మాయమైపోయిందన్న మాట!

ఒక ఏరు, మూడు ఇళ్ళు

పాలారు పుట్టేది కర్ణాటకలో నంది కొండల వైపు. మొత్తం పొడవు 348 కిలోమీటర్లు. అందులో కర్ణాటకలో 93, మన రాష్ట్రంలో 33, తమిళనాడులో 222. కుప్పం ప్రాంతం మీదుగా పోయి, వాణియంబాడి, ఆంబూరు, వేలూరు దాటి, కల్పాక్కం దగ్గర వాయలూరు వద్ద సముద్రంలో కలుస్తుంది. చిత్తూరు ఊళ్ళోంచి పారే నీవా నది కూడా చివరికి పాలారులోకే పోతుంది.

ముగ్గురు తోడికోడళ్ళు ఒకే కుండలో నీళ్ళు ముంచుకుంటున్నట్టుంటుంది ఈ ఏటి కథ. పైన కర్ణాటకలో బేతమంగళం చెరువు నిండితే గానీ మనకి రాదు. ఆ చెరువు నీళ్ళు ఒకప్పుడు కోలారు బంగారు గనుల ఊరికి పోయేవి. మనం ఆపుకుంటే కింద తమిళనాడుకి పోదు. ఈ పంపకాల మీద 1892లోనే మైసూరు, మద్రాసు ప్రభుత్వాల మధ్య ఒప్పందం జరిగింది. కుప్పం దగ్గర గణేశపురంలో మన రాష్ట్రం రిజర్వాయరు కట్టాలనుకుంటే 2006లో తమిళనాడు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2016లో సరిహద్దులోని పుల్లూరు దగ్గర చెక్‌డ్యామ్ ఎత్తు 5 అడుగుల నించి 12 అడుగులకు పెంచినప్పుడు మళ్ళీ గొడవైంది.

ఆ చెక్‌డ్యామ్ పక్కనే కనకనాచ్చియమ్మ గుడి ఉంది. ఆ గుడికి అటు తమిళ ఆడవాళ్ళూ, ఇటు తెలుగు ఆడవాళ్ళూ వస్తారు. ఒకే అమ్మవారికి పసుపు కుంకుమలు ఇచ్చి, ఒకే కోరిక కోరుకుంటారు: వానలు పడాలని, ఇంట్లో నీళ్ళుండాలని. గుడి దాటి బయటికొస్తే మాత్రం "మీవల్లే మాకు నీళ్ళు లేవు" అని ఒకరినొకరు అనుకోవాలా? ఇదే నాకు పుట్టిన మొదటి ప్రశ్న.

తప్పు ఎవరిదో ఒక్కరిదే అయితే సులువుగా తీరిపోను. పైన చెరువులు పూడిపోయాయి. ఒక చెరువు మరవ పోతే ఆ నీళ్ళు కింది చెరువుకి, అది నిండితే ఇంకా కింది చెరువుకి పోయే గొలుసుకట్టు తెగింది. పొద్దున్నే తూము తెరిచి మళ్ళకి నీళ్ళు పంచే నీరుగంటి ఇప్పుడు చాలా ఊళ్ళలో లేడు. ఇసక లారీల్లో పోయింది. ఇసకంటే ఉత్త మన్ను కాదమ్మా, వాన నీళ్ళని పీల్చి దాచిపెట్టే స్పాంజి. అది పోతే చెలమ ఊరదు, ఒడ్డున బావి ఊరదు. బోర్లేమో పోటీల మీద లోతుకి పోయాయి.

కింద వాణియంబాడి, ఆంబూరు, వేలూరు వైపు ఇంకో కష్టం. తోళ్ళ కార్ఖానాల మురికి నీళ్ళు ఏట్లో కలిశాయి. సుమారు 35,000 హెక్టార్ల సాగు భూమి పూర్తిగానో, కొంతగానో పాడైందని సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న ఇచ్చిన తీర్పులో ఉంది. ఆ కేసు వేసింది పెద్ద పార్టీ కాదు, వేలూరు పౌరుల సంక్షేమ సంఘం. పాడుచేసినవాడే ఖర్చు పెట్టి బాగుచేయాలన్న సూత్రం మన దేశంలో గట్టిపడింది ఆ తీర్పుతోనే. అయినా కష్టం తీరలేదు. 2025 జనవరి 30న మళ్ళీ సుప్రీంకోర్టు ఇదే పాలారు గురించి, నష్టపోయినవాళ్ళకి పరిహారం ఇవ్వాలనీ, దాన్ని కార్ఖానాల దగ్గర వసూలు చేయాలనీ తీర్పు చెప్పాల్సి వచ్చింది.

అలాగని ఏరు చచ్చిపోయిందనుకోకండి. 2021 నవంబరులో పాలారు ఒడ్లు తెంచుకుని పారింది. వాన పడితే దారి గుర్తుంది దానికి. మనమే మరిచిపోయాం.

మన రాష్ట్రంలోనే చేసి చూపించారు

ఇంత పెద్ద చిక్కుని సంఘాలు, ఆడవాళ్ళు, రైతులు ఏం విప్పగలరని మీరనొచ్చు. చిన్నత్తగారూ అదే అన్నారు. కానీ మన దగ్గరే ఒక ముచ్చట జరిగింది. తెలిసినవాళ్ళు తక్కువ.

2003 తర్వాత కొన్నేళ్ళపాటు, ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో స్వచ్ఛంద సంస్థలన్నీ ఒక్క తాటి మీదికి వచ్చి, రైతులే భూగర్భజలాన్ని చూసుకునే పథకం నడిపాయి. చిత్తూరు, అనంతపురం, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఇవీ ఆ జిల్లాలు. చివరి రెండూ ఇప్పుడు తెలంగాణలో ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయం చేసింది. ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని పొట్టి పేరు. సుమారు 650 ఊళ్ళు కలిశాయి.

అందులో నాకు నచ్చిన సంగతి, ఊళ్ళని మండలాల వారీగా విడదీయలేదు. వాగుల వారీగా కలిపారు. ఒక వాగులోకి ఏయే ఊళ్ళ వాన నీళ్ళు చేరతాయో ఆ ఊళ్ళన్నీ ఒక కుటుంబం. అలాంటి వాగు కుటుంబాలు 60కి పైగా ఏర్పడ్డాయి. ఊరికొక కమిటీ, వాగుకొక సంఘం. మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళు కూడా వాన కొలిచారు. బోర్లలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తాడు వదిలి చూశారు. ఆ లెక్కలు అందరికీ కనబడేట్టు ఊళ్ళో గోడ మీద రాశారు.

తర్వాత రబీ పంట ముందు అందరూ కూచుని నీళ్ళ బడ్జెట్ వేసేవారు. మనం నెల మొదట్లో జీతం డబ్బులు ముందు పెట్టుకుని, పాలకింత, బియ్యానికింత, పిల్లల ఫీజుకింత అని పంచుకోమూ? అచ్చం అలాగే! నేలలో ఇన్ని నీళ్ళున్నాయి, అందరం వరి వేస్తే ఇన్ని కావాలి, చాలవు. మరేం చేద్దాం? వరి తగ్గించి తక్కువ నీళ్ళ పంటలు వేద్దామా? ఎవరూ ఎవరినీ బలవంతం పెట్టలేదు. లెక్క కళ్ళ ముందుండేసరికి చాలామంది రైతులే పంట మార్చుకున్నారు. ప్రపంచ బ్యాంకు 2010 నివేదికలో దీని గురించి ప్రత్యేకంగా రాశారు.

మన రాష్ట్రంలో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా, కూడా వచ్చింది. తాగునీటి బావికి 250 మీటర్ల లోపు ఇంకో బోరు వేయడానికి వీల్లేదని అందులో ఉంది. కానీ చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. ఊరంతా కాపలా ఉంటేనే పని చేస్తుంది.

రాజస్థాన్‌లో అల్వార్ దగ్గర అర్వరి నది కథ కూడా ఇలాంటిదే. తరుణ్ భారత్ సంఘ్ రాజేంద్రసింగ్ 1985లో ఆ ప్రాంతానికి వెళ్ళి, పల్లెవాళ్ళతో కలిసి చిన్న చిన్న మట్టికట్టలు పోయించారు. ఏళ్ళు గడిచేసరికి ఎండిన నది పారింది. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. నీళ్ళు వచ్చాక కొట్లాటలు రాకుండా, 1999లో ఆ నది ఒడ్డు ఊళ్ళన్నీ కలిసి ఒక నదీ పార్లమెంటు పెట్టుకున్నాయి. ఎక్కువ నీళ్ళు తాగే పంటలు వేయకూడదని వాళ్ళకి వాళ్ళే కట్టుబాటు చేసుకున్నారు. పాలారుకి పొరుగునే, వేలూరు, తిరువణ్ణామలై జిల్లాల్లో నాగనది ఉంది. అక్కడ ఉపాధి హామీ పనిలో వేల మంది ఆడవాళ్ళు ఇంకుడు బావులు తవ్వి, ఎండిన నదికి ఊపిరి పోశారు. వాళ్ళూ మనలాంటి ఇల్లాళ్ళే, పొయ్యి మీద కుండ దించి పనికి పోయినవాళ్ళే.

శాంతిపురానికి ఇప్పుడు కావలసింది

2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ గుండా కృష్ణా నీళ్ళు కుప్పం దగ్గర పరమసముద్రం చెరువుకి చేరాయి. శ్రీశైలం వెనక జలాల నుంచి, ఎత్తిపోతల మీద ఎత్తిపోతలుగా, వందల కిలోమీటర్లు నడిచి వచ్చిన నీళ్ళవి. హారతులిచ్చి పండగ చేసుకున్నారు. సంతోషమే! ఎవరింటికి నీళ్ళొచ్చినా ఆడదానికి సంతోషమే. కానీ అంత దూరం నించి చుట్టం వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న ముసలమ్మని మరిచిపోతామా? పాలారు మన ఇంటి ముసలమ్మ. కాలువ నీళ్ళు ఏట్లో ఇంకాలన్నా, చెరువులు గొలుసుగా నిండాలన్నా, పూడిక తీయాలి, ఇసక ఆపాలి, కట్టలు చూసుకోవాలి.

ఇది ఒక్క ఊరి వల్ల కాదు. శాంతిపురం వాళ్ళు ఇసక ఆపితే పక్క ఊళ్ళో లారీ నిలబడుతుంది. మనం చెరువు బాగుచేసుకుని పైనవాళ్ళు మురికి వదిలితే ఏం లాభం? కింద వాణియంబాడి ఆడవాళ్ళు పోరాడుతుంటే మనకి పట్టదు, మన కష్టం వాళ్ళకి తెలీదు. ఇప్పుడు డ్వాక్రా సంఘం లేని ఊరుందా? ఊరి సంఘాలు కలిసి గ్రామ సమాఖ్య అయినట్టు, గ్రామ సమాఖ్యలు కలిసి మండల సమాఖ్య అయినట్టు, ఏటి ఒడ్డు సంఘాలన్నీ కలిసి ఒక ఏటి సమాఖ్య ఎందుకు కాకూడదు? బేతమంగళం నించి వాయలూరు దాకా ఏడాదికొక్కసారి కలుసుకున్నా చాలు. పొదుపు పుస్తకం రాయడం వచ్చిన చేతికి వాన లెక్క రాయడం రాదా?

ప్రతి ఏటా సెప్టెంబరు నాలుగో ఆదివారం ప్రపంచ నదుల దినం. 2005 నించి జరుపుతున్నారు. మొదలుపెట్టడానికి మంచి రోజు చూడాలంటే అంతకన్నా మంచిరోజు లేదు.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

రైల్లో వచ్చేవాళ్ళు బెంగుళూరు, జోలార్‌పేట దారిలో కుప్పం స్టేషన్లో దిగి, బస్సులో శాంతిపురం రావచ్చు. వానల తర్వాత, కార్తీకం, మార్గశిరం నెలలు బావుంటాయి. దారిలో బైరెడ్డిపల్లె వైపు కైగల్ జలపాతం చూడొచ్చు. మే నెలలో వస్తే కుప్పం గంగమ్మ జాతర. ఎండకి గొడుగు, తాగే నీళ్ళు దగ్గరుంచుకోండి. ఖాళీ సీసాలు, పూజ కవర్లు ఏట్లో పారేయకండి. తిరిగి తెచ్చుకోండి.

ఇంటికొచ్చాక ఒక్క పని చేయండి. మీ ఊరి ఏరో, వాగో ఏ ఊరి నించి వస్తోంది, మీ తర్వాత ఏ ఊరికి పోతోంది, ఈ రెండు పేర్లు కనుక్కోండి. పై ఊళ్ళో ఒక ఆడమనిషి, కింది ఊళ్ళో ఒక ఆడమనిషి మీకు పరిచయం అయ్యారంటే, మీ ఏటి సమాఖ్యకి అప్పటికే ముగ్గురు సభ్యులున్నట్టు.