కట్నం ఎవరికివ్వాలి?

షిల్లాంగ్ వెళ్తే జలపాతాల కన్నా ముందు ఇయూదూ బజారు చూడండి. బయటివాళ్లు బడా బజార్ అంటారు. ఇరుకు మెట్లు, ఎండుచేపల వాసన, ఎటు చూసినా ఆడవాళ్ల దుకాణాలే. లెక్క చూసేదీ వాళ్లే, బేరం తెగ్గొట్టేదీ వాళ్లే. 'కాంగ్' అని పిలిస్తే చాలు, పలుకుతారు. ఖాసీలో అక్క అని అర్థం.

నేను దిగిన హోమ్‌స్టే కూడా ఒక కాంగ్‌దే. ఆమె ఇంట్లో ఆఖరి కూతురు, అంటే 'ఖత్‌దూ'. పెద్దల ఇల్లు ఖత్‌దూకే వస్తుంది, పెళ్లయ్యాక భర్తే ఆ ఇంటికి వస్తాడు. మన దగ్గర ఇల్లరికం అంటే ఎగతాళి కదా, అక్కడ అదే పద్ధతి! పిల్లలకు అమ్మ వంశం పేరే. ఆ వంశాన్ని 'కుర్' అంటారు. ఒకే కుర్ వాళ్లు పెళ్లి చేసుకోకూడదు, మన సగోత్రం లాగే. సంబంధం కుదిర్చేటప్పుడు పెద్దలు ముందు చూసేది అదే. మేనమామ మాటకు విలువెక్కువ.

"మరి అమ్మాయి వైపు నుంచి ఏమిస్తారు?" అనడిగా.

"అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది కదా. ఎవరికివ్వాలి?" అని వక్క నములుతూ నవ్వింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంట్లో నా సంబంధం నడుస్తోంది. నాదీ అబ్బాయిదీ ఒకటే డిగ్రీ, ఇంచుమించు ఒకటే జీతం. అయినా "మీరు ఎంతలో అనుకుంటున్నారు?" అని అడిగింది మా నాన్ననే. 1961 నుంచి కట్నం నేరమట!

అలాగని అక్కడంతా ఆడవాళ్ల రాజ్యం అనుకోకండి. ఖత్‌దూకి ఇంటితో పాటు ముసలి తల్లిదండ్రులు, పెళ్లికాని తోబుట్టువుల బాధ్యత కూడా వస్తుంది. మేనమామలు ఒప్పుకోకుండా ఇల్లు అమ్మే వీల్లేదు. ఊరి దర్బారు తరతరాలుగా మగవాళ్లదే. 2023 ఎన్నికల్లో 60 మంది ఎమ్మెల్యేల్లో ఆడవాళ్లు ముగ్గురే గెలిచారు. కాంగ్‌కి ఒకప్పుడు బెంగళూరులో నర్సు ఉద్యోగం వచ్చిందట. "అక్కలు వెళ్లారు. నేను వెళ్తే అమ్మను ఎవరు చూస్తారు?" అంది. గొంతులో కోపం లేదు, కానీ కాసేపు ఇంకేం మాట్లాడలేదు.

తర్వాత తనే అడిగింది: "మీ నాన్న ఇచ్చే ఆ డబ్బు ఎవరి పేరు మీద ఉంటుంది?"

ఇంతవరకు మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకూ సమాన వాటా అని ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. మనవాళ్లు మాత్రం "కట్నం ఇచ్చాంగా, ఇంకేం వాటా?" అంటారు. ఇచ్చింది వియ్యాలవారికి, లెక్క రాసింది కూతురి ఖాతాలో!

ఆ రాత్రి నాన్నకు వాట్సాప్‌లో పెట్టా: "కట్నం మాట వద్దు నాన్నా. తాతయ్య పొలంలో నా వాటా సంగతి మాట్లాడదాం."

నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపటికి జవాబొచ్చింది: "ముందు ఇంటికి రా."