గడప ఎత్తు కొలిచిన ఊరు

పిల్లలూ! మన ఇళ్లలో గడపకు పసుపు రాసి బొట్లు పెడతారు కద. అలాంటి గడపలు మీ అమ్మగారి ఫోనులో కూడా ఉన్నవంటే నమ్ముతారా? ఒకటీ రెండూ కాదు, కోట్లకొద్దీ ఉన్నవి! ఒకప్పుడు ఆ గడపలు ఉప్పు తగిలి కుంగిపోయేవి. ఆ సంగతి తెలుసుకోవాలంటే అమెరికాలో ఒక ఊరు చూడాలి. రండి, పోదాం.

కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో అనే రేవుపట్నం ఉన్నది. అక్కడ రైలెక్కి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్లు పోతే పాలో ఆల్టో వస్తుంది. ఒకప్పుడు ఆ ప్రాంతమంతా పండ్లతోటలు. ఇప్పుడు తోటలు పోయి కంపెనీలు వెలిసినవి. వాటిలో మన తెలుగువాళ్లు కూడా ఎందరో పనిచేస్తున్నారు. ఆ లోయనే సిలికాన్ వ్యాలీ అంటారు. సిలికాన్ అనేది ఇసుకనుంచి తీసే పదార్థం.

ఈస్ట్ చార్ల్‌స్టన్ రోడ్డులో 844 నంబరు భవనం దగ్గర ఆగండి. 1957లో ఎనిమిదిమంది స్థాపించిన ఫెయిర్‌చైల్డ్ కంపెనీ ఇక్కడ ఉండేది. 1959లో రాబర్ట్ నోయిస్ ఒకే సిలికాన్ ముక్కమీద మొత్తం సర్క్యూటును అమర్చే ఉపాయం కనిపెట్టినది ఇక్కడే. ఆ మాట చెప్పే ఫలకం అక్కడ కనిపిస్తుంది.

మరుసటి ఏడు, 1960లో, దేశానికి అవతలి కొసన న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలవారు కొత్తరకం ట్రాన్సిస్టరును లోకానికి చూపారు. దాన్ని చేసినవారు ఈజిప్టులో పుట్టిన అటల్లా, కొరియాలో పుట్టిన కాంగ్. అందులో సిలికాన్‌మీద గాజులాంటి పలుచని పొర, దానిమీద లోహపు రేకు ఉంటవి. ఆ రేకు పేరు గేటు. గేటుకు వోల్టేజి ఇస్తే కింద సిలికాన్‌లో కరెంటుకు దారి తెరుచుకుంటుంది. అయితే కొద్దిపాటి వోల్టేజి చాలదు. వాననీరు వీధిలో ఎంత పారినా, గడప ఎత్తు దాటేవరకు ఇంట్లోకి రాదు కద! ఇదీ అంతే. దారి తెరుచుకోవటానికి కావలసిన ఆ వోల్టేజినే గడప వోల్టేజి అనుకుందాం.

ఇక్కడే ఒక చిక్కు వచ్చిపడింది. ఈవేళ కొలిచిన గడప, కొంతకాలం వేడిలో పనిచేశాక అదే ఎత్తున ఉండేది కాదు! మూసి ఉండవలసిన దారి దానంతటదే తెరుచుకుంటే, దానితో కట్టిన కంప్యూటరు లెక్క తప్పదా?

పాలో ఆల్టోలోని ఫెయిర్‌చైల్డ్ పరిశోధనశాలలో స్నో, గ్రోవ్, డీల్, సా అనే నలుగురు దీనికి పూనుకున్నారు. పొరను వేడిచేసి, వోల్టేజి పెట్టి, మళ్లీ మళ్లీ కొలిచారు. 1965లో దొంగ పేరు ప్రకటించారు. ఆ దొంగ సోడియం! మనం తినే ఉప్పులో ఉన్నదే, మన చెమటలో ఉన్నదే. సోడియం కణాలకు ధన విద్యుదావేశం ఉన్నది. వేడి తగిలినప్పుడు గేటుమీది ధన వోల్టేజి వాటిని గాజుపొరలో కిందికి నెడుతుంది. సిలికాన్ దగ్గర చేరి, గేటు చేయవలసిన పనిలో కొంత అవే చేస్తవి. అందుచేత గడప కుంగుతుంది. చిప్పులు చేసేవారు తలనుంచి కాళ్లదాకా ముసుగు వేసుకోవటానికి ధూళితోపాటు మన ఒంటి ఉప్పు కూడా కారణమే.

ఇక పక్కనే ఉన్న మౌంటెన్ వ్యూకు పోయి కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం చూడండి. అక్కడ అద్దంలా మెరిసే గుండ్రని సిలికాన్ బిళ్లలు ఉన్నవి. ఒక్కొక్క బిళ్లమీద ఎన్నో చిప్పులు మడులలాగా కనిపిస్తవి. మడుల మధ్య సన్నని గట్లు ఉంటవి. చిప్పులు చేసేవారు ఆ గట్లమీదనే పరీక్షకోసం కొన్ని ట్రాన్సిస్టర్లు పెడతారు. వాటి గడప ఎత్తును ఎలా కొలుస్తారో చూడండి.

నీళ్లు నిండినప్పుడు గడప కనిపించదు. నేలనుంచి నీటిమట్టం ఎంతో మాత్రమే తెలుస్తుంది. కాని ట్రాన్సిస్టరుకు ఒక నియమం ఉన్నది: వోల్టేజి గడపను దాటిన ఎత్తు రెట్టింపైతే, కరెంటు నాలుగు రెట్లవుతుంది. అందుచేత ఒకేరకం ట్రాన్సిస్టర్లు రెండు తీసుకుని, ఒకదానిలో కొంత కరెంటు, రెండోదానిలో దానికి నాలుగు రెట్లు పంపుతారు. మొదటిదానికి 0.7 వోల్టులు, రెండోదానికి 0.9 వోల్టులు కావలసివచ్చిందనుకోండి. తేడా 0.2. మొదటిది గడపను దాటిన ఎత్తు అదే. 0.7లోనుంచి 0.2 తీసివేస్తే, గడప 0.5 వోల్టులు! ఈ తీసివేతను తానే చేసుకుని జవాబు చెప్పే సర్క్యూట్లు కూడా ఉన్నవి. మరీ చిన్న ట్రాన్సిస్టర్లలో ఈ నియమం సరిగా పనిచేయదు. కాబట్టి ఈ పనికి కాస్త పొడవైనవాటిని ఎన్నుకుంటారు.

ఇప్పుడు మీ వంతు. మొదటి ట్రాన్సిస్టరుకు 0.8 వోల్టులు, నాలుగు రెట్ల కరెంటు పోయేదానికి 1.2 వోల్టులు కావలసివచ్చినవి. గడప ఎత్తు ఎంత? లెక్కకట్టి ఇంట్లో పెద్దవారికి చెప్పండి. ఎలా కట్టారని అడిగితే, వారిని వీధిగుమ్మం దగ్గరికి తీసుకుపోయి గడప చూపించండి!