తొట్టిలో చేపలు ఎందుకు పోతున్నాయి?

మన పావగడలో ఏది చెడినా ముందు నింద బోరు నీళ్ల మీదే. ఫ్లోరైడ్‌తో పళ్లు గారపట్టినోళ్లం, ఆ అనుమానం న్యాయమే. మా చిన్నాయన కొడుకు ఇంట్లో అక్వేరియం చేపలు వరసగా పోతుంటే వాడూ నీళ్లనే అన్నాడు. పిన్నమ్మ దిష్టి అనింది. తొట్టి అమ్మేస్తానంటే పాప ఒకటే ఏడుపు.

నేనడిగింది ఒక్కటే: చచ్చిన చేప కనిపిస్తాందా, మాయమైపోతాందా?

నాలుగు నియాన్ టెట్రాలు, రెండు గప్పీలు రాత్రికి రాత్రే లేవు. నీళ్లు చంపితే శవమన్నా తేలాల కదా! రాయి కింద మీసాలాడిస్తా పడుకోనుంది చెరువు నుంచి తెచ్చిన జెల్ల. పగలు సాధువు, దీపమార్పితే వేట. నోట్లో పట్టేదంతా దానికి మేతే. మీసాలుండేవన్నీ ఇట్లే కాదు, కోరిడోరాస్ రెండు మూడంగుళాలు దాటదు, ఎవరి జోలికీ పోదు. అంగట్లో 'షార్క్' అని అమ్మే పంగాసియస్ మాత్రం మూడడుగులు దాటి పెరిగే జాతి. ఇంటి తొట్టికి అదెందుకో నాకర్థం కాదు.

ఒక మోలీ మాత్రం ఒళ్లు చెదరకుండా తేలింది. మోలీకి గట్టి నీళ్లే ఇష్టం. తొట్టి పెట్టి మూడు వారాలే, మలినాన్ని అరిగించే బ్యాక్టీరియా కుదురుకోడానికి నెల పైనే పడుతుంది. అంతలో అమ్మోనియా పేరుకుంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పోతే దాని విషపు పాలు దాదాపు పదింతలు. మన బోరు నీళ్ల పాత్ర అక్కడుంది.

జెల్లని వేరే తొట్టికి మార్చినాం, మేత తగ్గించి వారానికి రెండుసార్లు పావు వంతు నీళ్లు మారుస్తున్నాం. పది రోజులైంది, ఒక్కటీ పోలేదు. పిన్నమ్మ కట్టిన నిమ్మకాయ ఇంకా తొట్టి మీదే వేలాడతాంది, తీసే ధైర్యం మాకెవరికీ లేదు.